కామాఠీపురా చిట్టా ఎవరి దగ్గరుంది?

సెయింట్ కిట్స్ అనే చిన్న కరీబియన్ దీవిలో, సముద్రానికి ఎత్తున ఒక గుట్ట మీద, బ్రిమ్‌స్టోన్ హిల్ కోట ఉంది. 1999లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు రాసిన పరిచయం నాలుగు వాక్యాలకు మించదు. అంత పొట్టి పరిచయంలోనూ ఒక సంగతిని దాచకుండా చెప్పారు: నమూనా గీసింది బ్రిటిష్‌వాళ్లు, కట్టింది ఆఫ్రికన్ బానిసలు. ఐదేళ్ల తర్వాత, 2004లో, బొంబాయి విక్టోరియా టెర్మినస్ అదే జాబితాకెక్కింది. దాని పరిచయంలో ఎఫ్. డబ్ల్యు. స్టీవెన్స్ పేరుంది, 1878లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారన్న లెక్క ఉంది, బ్రిటిష్ వాస్తుశిల్పులతో భారతీయ శిల్పులు కలిసి పనిచేశారన్న మెప్పు కూడా ఉంది. ఆ మెప్పు శిల్పం చెక్కినవాళ్ల దగ్గరే ఆగిపోయింది. పునాది తవ్వినవాళ్లు, రాయి మోసినవాళ్లు, సున్నం కలిపి తట్టలతో అందించిన ఆడవాళ్లు అందులోకి రాలేదు. రెండూ వలసపాలన కట్టడాలే, రెండూ చూడవచ్చినవాళ్లను అబ్బురపరిచేవే. ఒకచోట కట్టినవాళ్లు కనబడి రెండోచోట కనబడకపోవడానికి కారణం రాళ్లలో దొరకదు. రాళ్ల పక్కన ఏ కాగితం పెట్టారన్నదాన్ని బట్టే చరిత్ర చూపు తిరుగుతుంది. నాగ్‌పాడాను ఆనుకుని ఉన్న కామాఠీపురా గల్లీలు కూల్చివేతకు సిద్ధమవుతున్న ఈ రోజుల్లో కాపాడుకోవాల్సింది కూడా ఆ కాగితాన్నేనని, గోడల గురించిన బెంగ అంత అవసరం లేదని ఈ వ్యాసం వాదన.

బొంబాయి కూడా ఒకప్పుడు దీవుల గుంపే. ఏడు దీవుల నడుమ ఉప్పునీరు ఆటుపోట్లతో వచ్చి పోయేది. ఇవాళ తాడ్‌దేవ్, మహాలక్ష్మి, కామాఠీపురా, భాయ్‌ఖలా అని పిలుస్తున్న పల్లపు నేల చాలావరకు మడుగుగా ఉండేది. గవర్నర్ విలియం హోర్న్‌బీ కాలంలో, 1784 నాటికి, మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య కట్ట వేసి సముద్రపు నీటిని ఆపారు. హోర్న్‌బీ వెల్లార్డ్ అని పేరు పడిన ఆ కట్టతో లోపలి నేల ఆరింది. 1795 తర్వాత ఆ ఆరిన నేల మీద గుడిసెలు లేచాయి. నిజాం రాజ్యం నుంచి, అందులోనూ తెలంగాణ పల్లెల నుంచి, మట్టిపనికీ కట్టుబడి పనికీ వచ్చిన కామాఠీలు అక్కడ దిగారు. వాళ్ల పేరే పేటకు నిలిచింది. పనికి కొదవ లేదు. 1798లో మొదలై 1805లో పూర్తయిన సయాన్ కట్ట బొంబాయిని పక్కనున్న సాల్సెట్ దీవితో కలిపింది, 1845లో మాహిం కట్ట ఇంకోవైపు కలిపింది. 1860లలో గవర్నర్ బార్టిల్ ఫ్రియర్ పాత కోట గోడలు పడగొట్టించాడు. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధర పెరిగి ఊళ్లో డబ్బు పారింది. ఆ డబ్బు 1865లో ఆవిరైపోయినా మొదలుపెట్టిన భవనాలు ఆగలేదు. వాడీ నుంచి సికిందరాబాదుకు రైలు పడింది 1874లో. అంటే అంతకు ముందు ఎనభై ఏళ్లలో చాలాకాలం ఈ పనివాళ్లు కాలినడకన, ఎడ్లబండ్ల మీద పశ్చిమ కనుమలు దాటి వచ్చినవాళ్లే. తర్వాతి కాలంలో పాలమూరు కూలీలు గుంపుమేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన కథ తెలుగు పాఠకులకు బాగా తెలుసు. దానికి ముందు అధ్యాయం ఇక్కడ ఉంది, కానీ అది ఎవరి పుస్తకంలోనూ మొదటి అధ్యాయంగా రాలేదు.

కామాఠీలు అంటే తట్టలు మోసినవాళ్లు మాత్రమేనని అనుకుంటే సగం చరిత్ర జారిపోతుంది. కూలీలను తెచ్చిన మేస్త్రీలలో కొందరు గుత్తేదార్లయ్యారు, గుత్తేదార్లలో కొందరు నగరానికి పెద్దమనుషులయ్యారు. ఇప్పటికీ ముంబై మున్సిపల్ కార్పొరేషన్ నడుస్తున్న గోపురాల భవనం స్టీవెన్స్ గీసినదే. 1884 డిసెంబరు 9న లార్డ్ రిపన్ శంకుస్థాపన చేశాడు, 1893లో పూర్తయింది. దాన్ని కట్టించిన గుత్తేదారు వ్యంకు బాళోజీ కాళేవార్, తెలుగువాడు. ఇదే కాళేవార్ పేరు చరిత్రలో ఇంకోచోట, అంతకన్నా విలువైన చోట, కనిపిస్తుంది. జోతిరావు ఫూలే 1873 సెప్టెంబరు 24న పుణెలో సత్యశోధక సమాజం స్థాపించాక బొంబాయిలో దానికి అండగా నిలిచినవారిలో జాయా కరాడి లింగు, రామయ్య వ్యంకయ్య అయ్యవారు, నర్సింగ్‌రావు సాయబు వడ్నాల, కాళేవార్ ఉన్నారు. పుణె బ్రాహ్మణేతర ఉద్యమానికి బొంబాయి నుంచి వెళ్లిన సాయంలో పెద్ద భాగం తెలుగు కట్టుబడి వ్యాపారుల నుంచి వెళ్లిందన్నమాట. ఇందులో ఆశ్చర్యపడాల్సింది తక్కువే. ఫూలే కూడా గుత్తేదారే. ఖడక్‌వాస్లా ఆనకట్ట పనులకు సరుకు సరఫరా చేశాడు, ప్రభుత్వ పనుల శాఖలో కూలీలను ఎలా దోచుకుంటారో దగ్గర నుంచి చూశాడు. రాయీ సున్నం లెక్కలు తెలిసినవాళ్ల మధ్య పుట్టిన స్నేహం అది. అదే 1873లో ఫూలే ‘గులాంగిరి’ అచ్చువేసి, నీగ్రో బానిసలకు విముక్తి కలిగించినందుకు అమెరికా ప్రజలకు దాన్ని అంకితం చేశాడు. అట్లాంటిక్ ఆవలి చెరకు తోటలకూ పత్తి చేలకూ బొంబాయి తెలుగు వాడకూ మధ్య చుట్టరికం నేను ఇప్పుడు కలుపుతున్నది కాదు. ఆ పుస్తకం రాసినవాడికి బొంబాయిలో చేయూతనిచ్చిన తెలుగువాళ్లకు అది అప్పుడే వినబడి ఉంటుంది. దీని గుర్తుగా కామాఠీపురాలో చూడవచ్చినవాడికి చూపించడానికి ఒక్క గోడ, ఒక్క గది లేదు.

నగరానికి మ్యూజియంలు లేవా, అందులో పనివాళ్ల గురించి లేదా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నాయి, ఒకటి కామాఠీపురా నుంచి నడిచిపోయే దూరంలోనే ఉంది. భాయ్‌ఖలాలో రాణీబాగ్ అని అందరూ పిలిచే తోటలో 1872 మే 2న తలుపులు తెరిచిన విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియాన్ని 1975 నుంచి డాక్టర్ భావు దాజీ లాడ్ పేరుతో పిలుస్తున్నారు. 2003 నుంచి ఐదేళ్లపాటు మరమ్మతు చేసి 2008లో మళ్లీ తెరిచారు. ఆ పనికి యునెస్కో బహుమానం కూడా వచ్చింది. దేశంలో ఇంత శ్రద్ధగా బాగుచేసిన మ్యూజియంలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అక్కడి మట్టిబొమ్మల్లో బొంబాయి జనం ఉన్నారు: తలపాగాను బట్టి కులం, చేతిలో పనిముట్టును బట్టి వృత్తి. అక్కడే నా అభ్యంతరం. పందొమ్మిదో శతాబ్దపు పాలకుడు తన ప్రజలను రకాలుగా విడదీసి అద్దాల పెట్టెలో పెట్టుకున్న చూపు అది. బొమ్మకు కులం ఉంది, వృత్తి ఉంది, పేరు లేదు. ఆ మ్యూజియానికి డబ్బు పోగుచేసిన జగన్నాథ్ శంకర్‌సేఠ్, డేవిడ్ సాసూన్ వంటివారికి పేర్లూ విగ్రహాలూ ఉన్నాయి, అది న్యాయమే. స్వాతంత్ర్యం వచ్చాక నగరం కూడళ్ల నుంచి తీసేసిన దొరల విగ్రహాలకు సైతం ఆ తోటలో చోటు దొరికింది. ఘారాపురి (ఎలిఫెంటా) గుహల నుంచి ఇంగ్లండుకు తరలించబోయి విరగ్గొట్టిన రాతి ఏనుగును ముక్కలు అతికించి అక్కడ నిలబెట్టారు. ఏనుగుకు, రాజుకు, షావుకారుకు దొరికిన జాగా కూలివాడికి దొరికింది నమూనాగా మాత్రమే.

ఇక కామాఠీపురాను చూడ్డానికి వచ్చేవాళ్లు లేరా అంటే, వస్తారు. వాళ్లు వచ్చేది వేరే కథ కోసం. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఆ గల్లీల్లో పడుపువృత్తి కేంద్రీకృతమైంది. పోలీసులూ సైన్యపు డాక్టర్లూ దాన్ని ఒకచోట ఉంచడమే సౌకర్యమనుకున్నారు. తూర్పు యూరప్ నుంచి తెచ్చిన ఆడవాళ్లు ఉండడంతో పక్కనున్న సుక్లాజీ వీధి సఫేద్ గల్లీ అయింది. అప్పటి నుంచి ఆ పేట పేరు దేశంలో ఎక్కడ పలికినా ఒకటే అర్థం. 2022లో ‘గంగూబాయి కాఠియావాడీ’ సినిమా వచ్చినప్పుడు పేట పేరు వాడొద్దంటూ కొందరు హైకోర్టుదాకా వెళ్లారు, గెలవలేదు. ఇలాంటిది జమైకాలో ఇదివరకే జరిగింది. మాంటెగో బే దగ్గర రోజ్ హాల్ అనే పద్దెనిమిదో శతాబ్దపు తోట బంగళా ఉంది. శిథిలమైన దాన్ని 1960లలో ఒక అమెరికన్ వ్యాపారి కొని బాగుచేయించాడు. ఇవాళ అక్కడికి వెళ్లినవాళ్లకు చెప్పే కథ ఆనీ పామర్ అనే మంత్రగత్తెది: మొగుళ్లను చంపిందట, రాత్రిళ్లు దయ్యమై తిరుగుతుందట. ఆ కథ ఇంతగా ప్రచారమైంది 1929లో హెచ్. జి. డి లిస్సర్ రాసిన నవల వల్ల. చరిత్రకారులు అందులో నిజం లేదని ఎప్పుడో తేల్చారు. అయినా టికెట్టు అమ్ముడుపోయేది దయ్యానికే. ఆ చెరకు తోటలో చచ్చేదాకా పనిచేసిన బానిసల బతుకు దయ్యం నీడలో పడిపోయింది. ఒక స్థలానికి ఒక రంగుల కథ దొరికితే అదే మిగతా కథలన్నిటినీ బయటికి తోస్తుంది. కామాఠీపురాలో సినిమా చేసిన పనీ, అంతకు ముందు నూరేళ్లుగా పత్రికలు చేసిన పనీ అదే.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న ఎదురవుతుంది. పడుపువృత్తి కథను పక్కకు నెట్టి, కష్టజీవుల కథను ముందుకు తెస్తే పేటకు మర్యాద అతుకుతుందని ఆశపడడం కాదా ఇది? ఆ ఆడవాళ్లు కూడా ఆ పేట మనుషులే. వాళ్లను మ్యూజియం గుమ్మం బయట నిలబెడితే అది కొత్త దాపరికం. ఈ ప్రశ్న అడిగేవారితో నేను ఏకీభవిస్తాను, ఇంకా ఒక అడుగు ముందుకు కూడా వేస్తాను. ఆ గల్లీల్లో చిక్కుకున్న ఆడవాళ్లలో తెలుగు పల్లెల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. కరువు, అప్పు, దేవుడి పేరిట ఆడపిల్లలను వదిలేసే ఆచారం: మగవాడిని తట్ట పట్టుకుని బొంబాయికి నడిపించిన కారణాల్లో సగమైనా వాళ్లనూ నడిపించినవే. కట్టుబడి కూలీకీ, కొఠాలో చిక్కిన ఆడమనిషికీ ఊరూ భాషా ఒకటే అయినప్పుడు ఆ రెండు చరిత్రలను వేర్వేరు గదుల్లో పెట్టడం కుల సంఘాల పెద్దలకు సుఖంగా ఉండొచ్చు, చరిత్రకు సుఖం లేదు. రంగుల కథ మీద నా ఫిర్యాదు అది ఆడవాళ్ల గురించి చెప్పినందుకు కాదు. వాళ్లలో ఒకరిని రాణిని చేసి తక్కినవాళ్లను గుంపుగా వదిలేసినందుకు.

మరి కరీబియన్‌లో అందరూ రోజ్ హాల్ దారే పట్టారా? పట్టలేదు, అందుకే ఆ దీవుల నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. బార్బడోస్‌లో న్యూటన్ అనే పాత చెరకు తోట ఉంది. బానిసలు అక్కడ కట్టుకున్న గుడిసెల్లో ఒక్కటీ మిగల్లేదు. 1970లలో జెరోమ్ హాండ్లర్, ఫ్రెడరిక్ లాంగ్ అనే పరిశోధకులు అక్కడి శ్మశానాన్ని తవ్వి, దాదాపు ఆరువందల మంది బానిసలను పూడ్చిన నేల అదేనని లెక్కతేల్చారు. ఒక సమాధిలో మెడకు హారంతో ఒక మగమనిషి బయటపడ్డాడు: గవ్వలు, చేప వెన్నుపూసలు, కుక్క కోరలు, గాజుపూసలు, వాటి మధ్య పెద్ద ఎర్ర కార్నీలియన్ పూస. ఆ పూస గుజరాతులోని ఖంభాత్ పనివాళ్లు చేసినదై ఉండాలని పరిశోధకులు అన్నారు. అంటే బొంబాయి తీరం దాటి, ఆఫ్రికా మీదుగా, ఒక బానిస మెడలో బార్బడోస్ చేరింది. గ్వాదలూప్‌లో పాయింట్-ఆ-పిత్ర్ ఊళ్లో డార్బూసియే అనే మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ జాగాలోనే 2015లో మెమోరియల్ ఆక్ట్ తెరిచారు. బానిసత్వాన్ని దాచుకోకుండా దాని పేరే గుమ్మానికి పెట్టుకున్న మ్యూజియం అది. ట్రినిడాడ్‌లో కారపిచైమా దగ్గర వాటర్‌లూలో 2006లో ఇండియన్ కరీబియన్ మ్యూజియం పెట్టారు. ఒప్పందపు కూలీలుగా వచ్చినవాళ్ల రుబ్బురోళ్లు, పొలం పనిముట్లు, కాగితాలు అక్కడ చేరాయి. 1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడ దిగినప్పటి నుంచి 1917 దాకా భారతదేశం నుంచి ట్రినిడాడ్‌కు వెళ్లినవాళ్లు లక్షా నలభై మూడు వేల పైచిలుకు. వాళ్లలో 1866 తర్వాత వచ్చినవాళ్లను ముందుగా దించింది నెల్సన్ ఐలాండ్ అనే చిన్న రాతి దీవిలో. ఇప్పుడు ముత్తాత దిగిన చోటని జనం పడవెక్కి అక్కడికి వెళ్లి చూసొస్తున్నారు.

వాళ్లు ముత్తాత దిగిన చోటుకు వెళ్లగలుగుతున్నది ఎందుకంటే ముత్తాత పేరు ఒక రిజిస్టరులో ఉంది కాబట్టి. కలకత్తా నుంచో మద్రాసు నుంచో ఓడెక్కిన ప్రతి కూలీకి వలస కాగితం ఒకటి ఉండేది: పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు. కూలీ పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న కాగితం అది, దయతో రాసింది కాదు. నూట యాభై ఏళ్ల తర్వాత మునిమనవలకు అదే వంశవృక్షమైంది. మారిషస్‌లో పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడి తెలుగువాళ్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్న రిజిస్టర్లలో తమ ఊరి పేరు వెతుక్కోగలరు. కరీబియన్‌లో తెలుగువాళ్లకు ఈ అదృష్టం తక్కువే, ఎందుకంటే మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లందరినీ అక్కడ మద్రాసీలు అనే ఒక్క గంపలో వేశారు. అయినా జిల్లా పేరన్నా మిగిలింది. బొంబాయికి నడిచి వచ్చిన కామాఠీకి ఇదీ లేదు. అతను సముద్రం దాటలేదు, ఒప్పందం మీద వేలిముద్ర వేయలేదు. అతని పేరు ఎక్కిన చిట్టా మేస్త్రీ సంచిలో ఉండేది. ఆ వారం కూలి పంచేశాక దాంతో ఎవరికీ పని లేదు.

బానిసలతోనూ ఒప్పందపు కూలీలతోనూ కామాఠీలను పోల్చడమే తప్పని ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కామాఠీని ఎవరూ కొనలేదు, అమ్మలేదు. నచ్చకపోతే వాడు ఊరికి తిరిగి పోవచ్చు, ఇంకో మేస్త్రీ దగ్గర చేరొచ్చు. కాళేవార్ లాంటివాళ్లు ధనవంతులై నగరపు గౌరవం పొందారు. బార్బడోస్ తోటలో అలాంటి మెట్లు లేవు. బాధను తూచి సమానమని చెప్పే ఉద్దేశం నాకు లేదు, అలా చెబితే రెండుచోట్లా అబద్ధమవుతుంది. కానీ పోలిక బాధ గురించి కాదు, నమోదు గురించి. మనిషి సొత్తు అయినచోట యజమాని లెక్క రాసుకున్నాడు. మనిషి స్వేచ్ఛగా కూలి చేసినచోట లెక్క రాయాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. కాబట్టే కామాఠీల విషయంలో ఆధారాలు వాటంతటవే దొరకవు, వెతికి పోగుచేయాలి. ఇంకో అభ్యంతరం మన తెలుగువాళ్ల వైపు నుంచే రావాలి. బొంబాయి అంతా తెలుగువాళ్లే కట్టారని, హోర్న్‌బీ కట్ట నుంచి గేట్‌వే ఆఫ్ ఇండియా దాకా అంతా మన చేతిపనేనని సంఘాల సభల్లో వినబడుతుంటుంది. ఈ మాటకు ఆధారం చాలదు. కొంకణం నుంచి, దేశ్ ప్రాంతం నుంచి, కచ్ నుంచి, గుజరాతు నుంచి వచ్చిన రాతిపనివాళ్లూ వడ్రంగులూ కూలీలూ వేలమంది అదే పరంజాల మీద ఎక్కారు. గుత్తేదారు పేరు కాగితం మీద దొరికిన భవనాన్ని మనదని చెప్పుకుందాం; దొరకనిదాన్ని వెతుకుదాం. ఇతరుల చెమట కూడా మన ఖాతాలో రాసుకుంటే, దొరలు చేసినదానికీ దానికీ తేడా ఏముంది?

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఆ గల్లీల్లో ఉంటున్నవాళ్లది. వందేళ్లు దాటిన భవనాలు, పదడుగుల ఖోలీ, నడవా చివర అందరికీ కలిపి మరుగుదొడ్డి, ప్రతి వానాకాలం ఎక్కడ స్లాబు కూలుతుందోనన్న భయం. 1947 అద్దె చట్టం అద్దెలను 1940 నాటి రేటు దగ్గర ఆపేసింది. అద్దెలో గిట్టుబాటు లేని యజమాని మరమ్మతు మానేశాడు. 1969లో మరమ్మతు బోర్డు పెట్టి సెస్ వసూలు చేశారు, అతుకులు వేశారు, భవనాలు ఇంకా ముసలివయ్యాయి. ఇప్పుడు మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా మొత్తం పేటను ఒకేసారి కూల్చి మళ్లీ కట్టే పథకం చేపట్టింది. సొంత మరుగుదొడ్డి ఉన్న ఫ్లాటు ఇస్తామంటే, వద్దు ఈ గోడ చారిత్రకం అని చెప్పే హక్కు బయటివాడికి లేదు. ఇలాంటి ఖోలీల భవనాన్ని, చాళ్‌ను, ప్రేమించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది దాన్ని ఎప్పుడో వదిలి వెళ్లినవాళ్లే. 1896 ప్లేగు తర్వాత 1898లో ఏర్పడ్డ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చేపట్టిన తొలి పథకాల్లో నాగ్‌పాడా ఒకటి. వెలుతురు, గాలి అనే పేరుతో అప్పుడూ ఇళ్లు కూల్చారు, తిరిగి కట్టినవాటిలో పాతవాళ్లందరికీ చోటు దొరకలేదు. ఆ భయం ఉన్నవాళ్లకు మ్యూజియం గురించి చెప్పడం కన్నా అర్హత జాబితాలో పేరు పడేలా చూడడం ముందు పని. అందుకే నేను గోడల పక్షాన వాదించడం లేదు. వర్లీ బీడీడీ చాళ్‌ల పునర్నిర్మాణంలో ఒకదాన్ని మ్యూజియంగా ఉంచాలన్న మాట వచ్చింది. కాలాచౌకీలో ఇండియా యునైటెడ్ మిల్లు జాగాలో వస్త్ర పరిశ్రమ మ్యూజియం మున్సిపాలిటీ తలపెట్టింది. అవి మంచివే. కామాఠీపురాలో ఒక భవనం మిగిల్చి దానికి రంగు వేసినా, కట్టినవాళ్ల పేర్లు లేకపోతే అది మట్టిబొమ్మల అద్దాల పెట్టెకు పెద్ద సైజు నమూనా అవుతుంది.

కాగితాలు ఎక్కడున్నాయన్నదానికి జవాబు నిరాశపరిచేది కాదు. 1865, 1872 మధ్య లాటన్ చేసిన నగర సర్వే పటాల్లో ప్రతి ఇంటి హద్దూ ఉంది. ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు తాను కూల్చిన నాగ్‌పాడా ఇళ్లకు పరిహారం ఇవ్వడానికి లెక్కలు రాసుకుంది. మున్సిపాలిటీ తెలుగు బడుల ప్రవేశ రిజిస్టర్లలో పిల్లవాడి పేరుతోపాటు తండ్రి పనీ సొంతూరూ ఉంటాయి. ఆ బడుల్లో పిల్లలు తగ్గి ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, ఆ రిజిస్టర్లు ఏ బీరువాలోకి వెళ్తాయో చూసేవాళ్లు కావాలి. నాగ్‌పాడా నెయిబర్‌హుడ్ హౌస్‌ను 1920లలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ మొదలుపెట్టాడు. 1936లో ఆయన పూనికతో అక్కడే పుట్టిన సోషల్ వర్క్ పాఠశాల ఇవాళ్టి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. అంటే దేశంలో మొదటి సోషల్ వర్క్ పాఠశాల తరగతి గది కామాఠీపురా గుమ్మంలోనే ఉండేది, ఆ విద్యార్థులు సర్వేకి ఎక్కిన మెట్లు ఈ చాళ్‌ల మెట్లే. కుల సంఘాల చందా పుస్తకాలు, బోనాలకూ బతుకమ్మకూ ఇంటింటా వసూలు చేసిన లెక్కలు, గుళ్ల దాతల పలకలు కూడా చిట్టాలే. సత్యశోధక సమాజపు దస్త్రాలు మరాఠీలో ఉన్నాయి కాబట్టి తెలుగు చరిత్రకారులు వాటి జోలికి పెద్దగా పోలేదు. తెలుగు కుటుంబాల కాగితాలు తెలుగులో ఉన్నాయి కాబట్టి మరాఠీ చరిత్రకారులు ఇటు రాలేదు. రెండూ చదవగలిగే తరం ఆ పేటలోనే ఉంది: ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ.

అన్నిటికన్నా పెద్ద దస్త్రం మాత్రం ఇప్పుడే తయారవుతోంది. పునర్నిర్మాణంలో ఫ్లాటు రావాలంటే తాను పాత కాపురస్తుడినని ప్రతి కుటుంబం రుజువు చూపాలి. ఖోలీలో చేరేందుకు పగ్డీ (ముందస్తు సొమ్ము) ఇచ్చినప్పటి రసీదు, తాత పేరున ఉన్న అద్దె చీటీ, రేషన్ కార్డు, పాత కరెంటు బిల్లు, ఓటరు జాబితా, ఖోలీ ఒకరి నుంచి ఇంకొకరికి మారినప్పటి స్టాంపు కాగితం ట్రంకు పెట్టెల అడుగు నుంచి బయటికి వస్తాయి. నూరేళ్లలో ఎవరూ అడగని చిట్టాను ప్రభుత్వమే అడుగుతున్న సమయం ఇది. ఆ కాగితాల నకళ్లు అర్హత తేలేదాకా ఫైళ్లలో ఉంటాయి, ఫ్లాటు తాళం చేతికొచ్చాక ఫైలు గోదాంలోకి పోతుంది, అసలు కాగితాలు ఇల్లు మారే హడావుడిలో చిత్తుబుట్టలోకి పోతాయి. ఇష్టపడ్డ కుటుంబాల దగ్గర, వాళ్ల అనుమతితో, ఆ నకలు తీసేచోటే ఇంకో నకలు తీసి, పక్కన కూర్చుని ఏ ఊరు, ఏ పని, ఏ మేస్త్రీ వెంట వచ్చారు అని నాలుగు మాటలు రాసుకోవడానికి ఒక బల్ల, ఒక స్కానర్, తెలుగూ మరాఠీ వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు చాలు. మ్యూజియానికి గది ఎక్కడ ఇవ్వాలన్న బేరం మ్హాడాతో తర్వాతైనా ఆడొచ్చు. పెట్టెలు మాత్రం గల్లీ ఖాళీ చేయమని నోటీసు వచ్చేలోపే తెరవాలి.